నాలుగో ఉపాయం

1624 అక్టోబరు 18, లూకా పండుగ. ఆ మధ్యాహ్నం బెల్త్రాన్ ఒసోరియో వెల్లుల్లి చారు తిన్నాడు. చారులో నిన్నటి రొట్టె ముక్కలు, పైన ఒక కోడిగుడ్డు. గుడ్డు తన ఇంటిది కాదు. వెనక వీధి కిటేరియా అత్త పొద్దున్నే దాన్ని గడ్డిలో చుట్టి గడప మీద పెట్టి, తలుపు కూడా తట్టకుండా వెళ్లిపోయింది. ఆ గుడ్డు ఆయనకు చాలాకాలం గుర్తుండిపోయింది. ఎందుకంటే అది సగం తిన్నాక వీధి తలుపు తోసుకుని, పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్న కబురు లోపలికి వచ్చింది.

తెచ్చినవాడు నేతగాడు హినేస్. గొంగళి ఉన్ని పీచు జుట్టునిండా అంటుకుని ఉంది. మగ్గం మీంచి లేచి పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యవారూ! మాడ్రిడ్ నుంచి మనిషొస్తున్నాడట. పొయ్యిల లెక్క తిరగరాస్తాడట. మీ కాగితం ఎవరో చదివారు!"

బెల్త్రాన్ చెంచా కింద పెట్టేశాడు. "చదివారా? నిజంగా?"

"చదవకపోతే ఇంత దూరం ఎందుకొస్తాడండీ, మన బురద చూడ్డానికా? ముందు ఆ గుడ్డు తినండి, చల్లారిపోతోంది."

వాల్దెలానలో పన్ను కట్టేది మనుషుల్ని బట్టి కాదు, పొయ్యిల్ని బట్టి. ముప్పై మూడేళ్ల కిందట, ఈ ఊరి గొంగళ్లు పోర్చుగల్ దాకా పోయే రోజుల్లో, రాజుగారి మనుషులు వచ్చి నాలుగు వందల పొయ్యిలని రాసుకుపోయారు. ఊరి మొత్తానికి ఇంతని పన్ను వేశారు. తర్వాత ఉన్ని ఊళ్లో ఆగకుండా రేవులకు పోవడం మొదలైంది. అదే ఉన్ని ఫ్లాండర్స్ దేశపు బట్టై తిరిగొచ్చి ఊరి సంతలోనే చవగ్గా దొరకసాగింది. ఒక్కొక్క ఇంటికీ తాళం పడింది. మిగిలినవాళ్లు వెళ్లినవాళ్ల వంతు కూడా కట్టాలి. కట్టలేనివాళ్లు వెళ్లిపోతారు. అప్పుడు మిగిలినవాళ్ల వంతు ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు ఊళ్లో వెలిగే పొయ్యిలు నూట ముప్పై ఒకటి.

సలమాంకాలో ఆరేళ్లు చదివొచ్చి, ఊళ్లో అర్జీలు రాసుకుని బతికే బెల్త్రాన్ దీని గురించి రాజుగారికి నాలుగుసార్లు విన్నపం పంపాడు. ఒక్కోసారీ ముప్పై పేజీలు, ఏడు ఉపాయాలు. ఉన్ని రేవు దాటకుండా ఆపాలన్నది మొదటిది. చేతిపని చేస్తే కులీనుడి పరువు పోతుందన్న మాట చట్టంలోంచి తీసేయాలన్నది మూడోది. లాటిన్ బళ్లు తగ్గించి పని నేర్పే బళ్లు పెట్టాలన్నది ఐదోది. లాటిన్ తప్ప ఇంకేమీ రాని మనిషి అది రాశాడని పాదిరి గారు కూడా కడుపుబ్బా నవ్వారు. ఊరు ఆయనకు 'రాజ్యవైద్యుడు' అని పేరు పెట్టింది. దగ్గొచ్చినవాళ్లు కూడా వీధిలో ఆపి, "అయ్యవారూ, దీనికేమైనా ఉపాయముందా?" అని అడిగేవాళ్లు. ఆయనా నవ్వేసేవాడు. ఎగతాళి చేసేవాళ్లు కూడా ఊళ్లో ఉన్నవాళ్లే కదా, వెళ్లిపోలేదు కదా అని ఆయన తృప్తి.

నాలుగో ఉపాయమంటేనే ఆయనకు మమకారం. ఏడాదికి మించి తాళంలో పడివున్న ఏ మగ్గాన్నైనా, యజమాని ఎవరైనా సరే, పని తెలిసి మగ్గం లేని చేతికి ఇప్పించాలి. వాల్దెలానలో అలాంటివి నలభై రెండు ఉన్నాయని వీధుల వారీగా లెక్కగట్టి మరీ రాశాడు.

ఆ లెక్క ఆయనకు తెలియడానికి కారణముంది. ఊరు విడిచేవాళ్లు బండి కదిలేముందు ఇంటి తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాళ్లు. "వచ్చేదాకా ఉంచండి" అనేవాళ్లు. ఆయన రాతబల్ల వెనక గోడనిండా తాళంచెవులే, ఒక్కోదానికి ఒక్కో పేరు చీటీ. ఎవరూ రాలేదు. అయినా ఏటా ఈస్టరు ముందు అన్నిటికీ నూనె రాసి తుడిచేవాడు.

అందులో రోజూ గోడ దిగే తాళంచెవి ఒక్కటే, పక్కింటిది. మాడ్రిడ్ వెళ్లిపోయిన ఆసామి మగ్గం మీద హినేస్ పనిచేసుకుంటున్నాడు. తెల్లారగానే వచ్చి తాళంచెవి తీసుకుంటాడు, పొద్దుగూకగానే తెచ్చిచ్చేస్తాడు. మధ్యలో రోజంతా గోడ అవతల టకా టకా చప్పుడు. ఆ చప్పుడులోనే బెల్త్రాన్ రాసుకునేవాడు, కునుకు తీసేవాడు. భార్య బ్రియాందా ఉన్నప్పుడు ఆ చప్పుడు తమ ఇంట్లోంచే వచ్చేది. ఇప్పుడు గోడ అవతలిదైనా చాలు.

ఇక గోడ మీద లేని తాళంచెవి ఒకటుంది. అది తాడు కట్టి ఆయన మెడలో, చొక్కా లోపల ఉంటుంది. పెరటివైపు గదిది. ఊరందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

"లెక్క తగ్గితే ఉంటాం అయ్యవారూ," అన్నాడు హినేస్, గుడ్డు పూర్తయ్యేదాకా ఆగి. "తగ్గకపోతే వచ్చే నెల మొదట్లో సకల పునీతుల పండుగ దాటగానే మాడ్రిడ్. మా ఆవిడ ఒలాయా వాళ్లన్న అక్కడ ఇటుకలు మోస్తున్నాడు. నేనూ మోస్తాను."

"నువ్వా? ఇటుకలా?"

"ఇటుకకి పడుగూ పేకా అక్కర్లేదుగా. నెత్తి ఉంటే చాలు." నవ్వబోయి మానేశాడు. "ఒలాయా అప్పుడే బండి మాట్లాడింది. రద్దు చేసుకోవచ్చులే అంటోంది కానీ, కుండలు గడ్డిలో సర్దేస్తోంది."

ఆ రాత్రి బెల్త్రాన్ ప్రార్థనలో రాజ్యం గురించి ఏమీ అడగలేదు. ఒలాయా ఆ కుండలు బయటికి తీసేలా చూడమని మాత్రం అడిగాడు.

అధికారి వచ్చేది ఇరవై నాలుగున. ఇరవై రెండున హినేస్ మగ్గం మీద పూర్తయిన గొంగళి కోసి, అంతకుముందువాటితో కలిపి గాడిద మీద వేసుకుని మెదీనా సంతకు వెళ్లాడు. "ఎల్లుండి సాయంత్రానికి వచ్చేస్తా. అప్పటికి మన తలరాత తేలిపోయుంటుంది," అని తాళంచెవి ఇచ్చాడు.

మర్నాడు ఊరి సభ పెద్ద దోన్ ఫద్రీకె వచ్చాడు. మోచేతుల దగ్గర మెరుపు పోయిన మఖమలు కోటు, నడుముకు కత్తి. కూర్చోమంటే కుర్చీ దులుపుకుని కూర్చున్నాడు.

"తాళంచెవులన్నీ కావాలి అయ్యవారూ. రాజుగారి మనిషి వస్తున్నాడు. ఆ ఇళ్లు తెరిచి ఉంచాలి."

బెల్త్రాన్‌కు సంతోషమేసింది. "మంచి ఆలోచన దొరా. తెరిచి చూపిస్తే ఇంక సాక్ష్యమెందుకు? బూజుతో సహా అలాగే ఉంచండి."

"మా సంగతి మేం చూసుకుంటాం. ఊరికి పరువంటూ ఒకటుంది," అన్నాడు దోన్ ఫద్రీకె. గోడ ఖాళీ చేసి, గుత్తులు గుత్తులుగా పట్టుకుపోయాడు. పక్కింటిది కూడా అందులోనే పోయింది. చీటీ మీద పాత ఆసామి పేరే ఉంది మరి. బెల్త్రాన్ గమనించలేదు. సంతోషంలో ఉన్న మనిషికి కళ్లు సరిగా ఆనవు.

ఇరవై నాలుగో తేదీన ఆకాశం తేటగా ఉంది, చలి కొరికేస్తోంది. రాజుగారి లెక్కల అధికారి పేరు దోన్ లెస్మెస్. కీళ్లవాతంతో ఒక పాదానికి గుడ్డలు చుట్టుకుని కంచరగాడిద మీద వచ్చాడు. ఊళ్లోకి రాకుండా నేరుగా ఊరి పక్క గుట్టెక్కి, బెల్త్రాన్‌ను అక్కడికే పిలిపించాడు.

"మనుషుల్ని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెబుతారు. అందుకని నేను కుండల్ని అడుగుతాను. పన్నెండు గంటలు కొట్టనివ్వండి, పొగలు లెక్కపెట్టేస్తా. కూర్చోండి ఒసోరియో గారూ, ఎండ బాగుంది."

నిజంగానే బాగుంది. అక్కడున్న ఒక్క బండరాయి మీదే పడ్డట్టు పడుతోంది. బెల్త్రాన్ కూర్చున్నాడు.

గంట మోగింది. ముందు పల్లపు వీధిలో పొగలు లేచాయి. ఆ వీధిలో మనుషులున్నారు, సరే. తర్వాత రంగులవాళ్ల సందులో ఒకటి లేచింది. దాని పక్కన ఇంకొకటి. పదకొండేళ్లుగా అక్కడ పొయ్యి వెలగలేదు. ఉన్ని కడిగేవాళ్ల వీధి మొత్తం పొగలు లేచాయి. వాగు ఒడ్డున కూలిన గోడల మధ్య నుంచి కూడా, దారం వదిలినట్టు, సన్నగా నీలంగా లేచింది.

బెల్త్రాన్ లేచి నిలబడిపోయాడు. ఒక్క క్షణం, బుద్ధి ఉన్న మనిషికి రాకూడని ఆలోచనే వచ్చింది. వాళ్లంతా వచ్చేశారు. రాత్రికి రాత్రి బండ్లు దిగి, ఎవరిళ్లలో వాళ్లు కుండ పెట్టుకున్నారు. పెళ్లైన కొత్తలో బ్రియాందాతో ఈ గుట్ట మీదే కూర్చుని చూసిన ఊరు ఇదే. ఆమె అప్పుడు ఒక్కో పొగకూ ఒక్కో పేరు చెప్పేది. "అదిగో, దొమింగా ఈపూట కూడా ఆలస్యం. మొగుడు కేకలేస్తాడు చూడు," అనేది. ఆయన కళ్లు అలవాటు కొద్దీ తన ఇంటి కప్పు కోసం వెతికాయి. దొరికింది. ఊరు మొత్తానికి పొగ లేని ఇల్లు అదొక్కటే.

"మూడు వందల ఎనభై," అన్నాడు దోన్ లెస్మెస్. గుమస్తా రాయబోయాడు. "మీ విన్నపంలో నూట ముప్పై ఒకటి అని ఉంది. చాలా బాగా రాశారు, నాకు ఏడుపొచ్చింది. కానీ మీ ఊరు మాడ్రిడ్ కన్నా వెచ్చగా ఉందే!"

ఇప్పుడు మాట్లాడాలి. మాట్లాడితే ఊరు ఊరంతా రాజుగారి మనిషి ముందు దొంగలా నిలబడుతుంది. మాట్లాడకపోతే పది రోజులు తిరగకుండా హినేస్ బండి కదులుతుంది.

"ఒక్క నిమిషం ఆగండి దొరగారూ," అన్నాడు బెల్త్రాన్. "నన్ను ఇంకొంచెం చూడనివ్వండి."

అధికారి ఆయన ముఖం చూసి, గుమస్తా చేతిని ఆపాడు. ఆ నిమిషానికి బెల్త్రాన్ తర్వాత ఎప్పుడూ కృతజ్ఞతతోనే ఉన్నాడు.

"ఇప్పుడు ఒకసారి వాసన చూడండి," అన్నాడు చివరికి.

దోన్ లెస్మెస్ ముక్కు ఎగబీల్చాడు. "కట్టె వాసన."

"ఉల్లిపాయ?"

"లేదు."

"పంది కొవ్వు? శనగలు?"

"ఆ పల్లపు వీధి వైపు నుంచి కాస్త. మిగతా వైపు లేవయ్యా."

"పన్నెండింటికి మూడు వందల ఎనభై కుండలు ఉడుకుతుంటే, ఈపాటికి మనిద్దరికీ కడుపులో కరకరలాడాలి కదండీ."

దోన్ లెస్మెస్ కాసేపు ఊరివంక చూసి, కంచరగాడిద కళ్లెం తిప్పాడు.

మొదట తెరిచిన తలుపు రంగులవాళ్ల సందులోది. లోపల కిటేరియా అత్త మోకాళ్ల మీద కూర్చుని పొయ్యి ఊదుతోంది. చుట్టూ గచ్చు ఊడిన నేల, నాలుగు గోడలు. కుండ లేదు, మంచం లేదు.

"అమ్మా, ఈ ఇంట్లో ఉప్పు ఉందా?" అని అడిగాడు అధికారి గుమ్మంలోంచి.

"ఉప్పా?" అత్త గాభరాపడింది. "ఇక్కడ లేదు బాబూ. మా ఇంట్లో ఉంది, పరిగెత్తుకెళ్లి తెచ్చేదా? ఎంత కావాలి?"

దోన్ లెస్మెస్ నవ్వాపుకోలేకపోయాడు. "వద్దులే తల్లీ. రాసుకోవయ్యా గుమస్తా. ఉప్పు లేని ఇల్లు ఇల్లు కాదు. ఇక ప్రతి గుమ్మంలోనూ ఇదే అడుగుదాం."

అత్త బెల్త్రాన్ వైపు తిరిగింది. కళ్లు పొగకు ఎర్రబడ్డాయి, పొగకేనో కాదో. "కోప్పడకండి అయ్యవారూ. దోన్ ఫద్రీకె చెప్పినందుక్కాదు నేనొచ్చింది. ఇది మా అక్క పొయ్యి. పదకొండేళ్లయింది వెలిగి. ఒక్కసారి వెలిగితే చూద్దామనిపించింది."

"నేనెందుకు కోప్పడతాను అత్తా," అన్నాడు బెల్త్రాన్. "గుట్ట మీంచి నేనూ చూశాను."

అప్పుడు పొయ్యిలోకి చూశాడు. మండుతున్నది చెట్టు కట్టె కాదు. నున్నగా అరిగిన గుండ్రటి దుంగ, నేసిన బట్ట చుట్టుకునే దోనె. దాని చివర ఒక ఇత్తడి మేకు ఉంది. హినేస్ పని మొదలెట్టేముందు జపమాల తగిలించుకునే మేకు.

"ఇదెక్కడిది?"

"ఇంటికో మోపు పంచారు. అన్ని పొయ్యిలకీ కట్టెలు చాల్లేదట. ఆ ఇళ్లలో ఊరికే పడున్న మగ్గాలు విరిచారు. పని చెయ్యనివే కదా?"

బట్ట కోసేసిన మగ్గం ఖాళీగా ఉంటుంది. ఎవరిదో ఏమిటో తెలియని మనిషికి అదీ ఊరికే పడున్నట్టే కనబడుతుంది. బెల్త్రాన్ వంగి, చేత్తోనే ఆ దోనెను బయటికి లాగాడు. సగం కాలిపోయింది. అత్త గబుక్కున తన కొంగు తడిపి ఆయన వేళ్లకు చుట్టింది.

అంతలో దోన్ ఫద్రీకె ఆయాసపడుతూ వచ్చాడు. "అయ్యా, ఈ ఊరు ఒకప్పుడు ఎలా ఉండేదో, ఇలా బోసిగా చూపిస్తే పరువు..."

"ఒకప్పటికి పన్ను కట్టించి కట్టించి నేను విసిగిపోయాను దొరా," అన్నాడు దోన్ లెస్మెస్ మెత్తగానే. "పొయ్యిలు ఆర్పించండి. ఇది నేను ఎక్కడా రాయను."

సాయంత్రానికి లెక్క తేలింది. ఉప్పున్న ఇళ్లు నూట ముప్పై ఒకటి. కొత్త ఏడాది నుంచి పన్ను దాని ప్రకారమేనని రాసి ముద్ర వేశాడు. కంచరగాడిద ఎక్కబోతూ దోన్ లెస్మెస్ తన సంచిలోంచి బెల్త్రాన్ విన్నపం తీశాడు.

"నా చేతిలో ఉన్నది ఈ లెక్కొక్కటే. మీ ఉపాయాలు పైకి పంపుతాను, ఎవరు చదువుతారో దేవుడికి తెలియాలి. కానీ ఈ నాలుగోది ఇక దండగ కదా? మగ్గాలన్నీ ఈపూట పొగైపోయాయి. కొట్టేయమంటారా?"

గుమస్తా కలం సిరాలో ముంచాడు. బెల్త్రాన్ చేయి దానంతటదే మెడ దగ్గరికి వెళ్లింది. చొక్కా లోపల తాళంచెవి వెచ్చగా ఉంది. నలభై రెండని వీధి వీధీ తిరిగి లెక్క రాసిన మనిషి, నలభై మూడోది రాయలేదు. పన్నెండేళ్లలో నాలుగుసార్లు తిరగరాశాడు. మొదటిసారి ఆ గదికి తాళమే లేదు. తర్వాత మూడుసార్లూ రాయలేదు.

"కొట్టేయకండి," అన్నాడు. "ఇంకొకటి ఉంది."

పొద్దువాలుతుండగా హినేస్ సంత నుంచి వచ్చాడు. వీధి చివరే ఎవరో చెప్పినట్టున్నారు. గాడిదను కట్టకుండానే వచ్చి, బెల్త్రాన్ గుమ్మం పక్కన ఆనించి ఉన్న కాలిన దోనెను చూసి ఆగాడు. ఇత్తడి మేకును బొటనవేలితో తుడిచాడు.

"ఎవరింట్లో ఏం వండారండీ నా మగ్గంతో?"

"ఎక్కడా ఏమీ వండలేదు."

"అయ్యో. కనీసం పప్పైనా ఉడికించుకోవాల్సింది." మసి వేలిని చొక్కాకు తుడుచుకున్నాడు. "పన్ను తగ్గిందని చెప్పారు. సంతోషం. ఉన్నవాళ్లకి పనికొస్తుంది. నేను మాత్రం ఇక తాళంచెవి అడగను అయ్యవారూ. పొద్దున్నే మీ నిద్ర చెడదు."

"ఆగు హినేస్."

"ఆగి ఏం చెయ్యమంటారు? మీ నాలుగో ఉపాయం వల్లిస్తారా? బాగుంటుందది. రాజుగారు వినాలి గానీ."

"రాజుగారు వినేలోపు నేను వినాల్సింది," అన్నాడు బెల్త్రాన్. కట్టు కట్టిన వేళ్లతో తాడు మెడలోంచి తీయలేక అవస్థపడ్డాడు. హినేస్ చూస్తూ నిలబడి, చివరికి తనే వచ్చి ముడి విప్పాడు.

పెరటివైపు గది తొమ్మిదేళ్లలో తొమ్మిదిసార్లే తెరుచుకుంది, పోయినవాళ్ల ఆత్మల పండుగనాడు దుమ్ము దులపడానికి. గదినిండా పాత ఉన్ని వాసన. కిటికీ తెరవగానే మిగిలిన వెలుతురు మగ్గం మీద పడింది. పడుగు ఎక్కించే ఉంది. దాని మీద సగం నేసిన గొంగళి. పేకను అటూ ఇటూ పరిగెత్తించే నాడె, బ్రియాందా వదిలిన చోటే, కుడివైపు అంచున. ఆ రోజు ఆమె తలనొప్పిగా ఉందని లేచింది. కాసేపు పడుకుని వస్తానంది.

హినేస్ టోపీ తీశాడు. చాలాసేపటికి వేలితో పడుగు మీటి చూశాడు.

"అక్కడక్కడా పురుగు కొట్టింది. ముడేస్తే ఆగుతుంది. మగ్గం రాయిలా ఉంది." తర్వాత నెమ్మదిగా, "ఇది కోసి మీకిచ్చేసి, కొత్త పడుగు ఎక్కిస్తాను. దాచుకుందురు గాని."

బెల్త్రాన్ గొంగళి అంచు తడిమి చూశాడు. కోసి మడతపెడితే అది ఆమె ఒక్కదానిదే అవుతుంది. సగం గొంగళి ఎవరినీ కప్పదు.

"ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే నెయ్యి," అన్నాడు.

"అమ్మగారి చేతి బిగువు వేరు, నాది వేరు. ఎంత జాగ్రత్తగా నేసినా ఎక్కడ చెయ్యి మారిందో గీత గీసినట్టు కనబడుతుందండీ."

"కనబడనీ."

మర్నాడు పొద్దున్నే హినేస్ వచ్చాడు. వెంట ఒలాయా కూడా వచ్చి, తెగిన పోగులకు ముళ్లు వేసి పెట్టింది. వెళ్తూ వెళ్తూ, "ఇంటికెళ్లి కుండలు బయటికి తీసుకోవాలి, గడ్డిలో రెండు పగిలాయి కూడాను," అని మొగుడి మీద సణిగింది. బెల్త్రాన్ రాతబల్ల దగ్గర కూర్చున్నాడు. దోన్ ఫద్రీకె తలవంచుకుని తెచ్చిచ్చిన తాళంచెవులను మళ్లీ గోడకు తగిలించాడు. మసి అంటినవాటిని తుడిచాడు. కొంత రాశాడు, కొట్టేశాడు. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఇంట్లోంచే, తన ఇంట్లోంచే, టక్ అని ఒకసారి వినబడింది. ఆగింది. మళ్లీ వినబడింది. ఇక ఆగలేదు. బ్రియాందా లయ కాదది, కొంచెం బరువు, కొంచెం తొందర. బెల్త్రాన్ కలం పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా విన్నాడు.

వెలుతురు తగ్గాక హినేస్ లేచి బయటికి వచ్చాడు. అలవాటుగా తాళంచెవి కోసం జేబు తడుముకుని, లేదని గుర్తొచ్చి నవ్వాడు.

"రేపు వస్తానండీ."

"రా."

అతని అడుగులు వీధి మలుపు తిరిగేదాకా విని, బెల్త్రాన్ దీపం పట్టుకుని పెరటి గదికి వెళ్లాడు. గొంగళి నాలుగు వేళ్లు పెరిగింది. చెయ్యి మారిన చోటు హినేస్ చెప్పినట్టే స్పష్టంగా ఉంది. దాని మీద అరచేయి పెట్టాడు, ఇటు కొంత, అటు కొంత. తర్వాత బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు. తాళం వేయలేదు.